బెర్నడీన్ బండికి వేసిన గేర్‌బాక్సు

ఒహాయో రాష్ట్రం టొలీడో నగరంలో, లగ్రాంజ్ వీధి వెనక సందులో నలభై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న థాడియస్ జోసెఫ్ కుచిన్స్కీ అనే, అందరూ టెడ్ అని పిలిచే నేను, వయసు డెబ్బై నాలుగు, వృత్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మరమ్మతు, ప్రస్తుతం ఏ పనీ లేదు, నా తదనంతరం నాకున్నది ఎవరికి ఎలా చెందాలో నా చేత్తో రాసిపెడుతున్నాను. నా మతి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన పత్రం జతచేశాను. చెడిపోయింది కాలేయం, బుర్ర కాదు. ఇది రాయమని నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలి రాయించుకునేంత ఆస్తి నాకు లేదు. ఇంతకుముందు రాసిన వీలునామా ఒకటుంది. అందులో సమస్తం నా భార్య బెర్నడీన్‌కి రాశాను. ఆమె లేదు కనుక దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

లాయరమ్మ చిత్తుప్రతి చూసి, "కుచిన్స్కీ గారూ, ఇందులో సగం వీలునామా కాదండీ, సొద. తీసేద్దామా?" అని అడిగింది. ఉంచమన్నాను. "కోర్టువాళ్ళు విసుక్కుంటారండీ" అంది. విసుక్కోనీ అన్నాను. ఎవరో ఒకరు ఆఖరి అక్షరం దాకా చదివి తీరాల్సిన కాగితం నా జన్మలో నేను రాసేది ఇదొక్కటే.

1. అమలుదారు

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు ఆల్విన్ టిల్మన్‌కి అప్పగిస్తున్నాను. మా షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు పక్కపక్క బల్లల మీద పనిచేశాం. నేను విప్పిన బాక్సు వాడు బిగించేవాడు, వాడు విప్పింది నేను బిగించేవాణ్ణి. ఆల్విన్ ఈ బాధ్యత వద్దంటే బలవంతపెట్టకూడదు, కారణం అడగకూడదు. అప్పుడు నా కూతురు డెనీస్ ఆ పని చూడాలి.

2. ఇల్లు

ఇల్లు, దాని కింద నేల, బ్యాంకులో ఉన్న కాస్తా నా ఏకైక సంతానం డెనీస్‌కి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. డెనీస్ కొలంబస్‌లో ఉంటుంది. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. అక్కడ ఎండ ఎంత, ఇక్కడ చలి ఎంత అని చెప్పుకుంటాం, పెట్టేస్తాం. తప్పు దానిది కాదు. దాని తల్లి పోయినప్పటినుంచి మా ఇద్దరి మధ్యా మాట నడిపించే మనిషి లేదు.

వంటింట్లో పైఅరలో పియరోగీలకి, అంటే మా పోలండువాళ్ళ కజ్జికాయలకి, పిండి వత్తే కర్ర ఉంది. ఒక చివర చీలింది. అది డెనీస్ అమ్మమ్మ పోలండులో క్రాకోవ్ దగ్గరి పల్లెనుంచి ఓడలో తెచ్చుకున్నది. ఇల్లు అమ్మినా దాన్ని అమ్మకూడదని కోరుతున్నాను. ఇది షరతు కాదు, కోరిక మాత్రమే.

ఇంటి వెనక గ్యారేజీ కూడా ఇంటిలో భాగమే. డెనీస్ ఆరేళ్ళుగా అందులో అడుగుపెట్టలేదు. "నాన్నా, ఆ కారుని నేను చూడలేను, నన్ను రమ్మనకు" అని చెప్పేసింది. అందుకే లోపలున్నవాటి సంగతి విడిగా రాస్తున్నాను.

3. పనిముట్లు

గ్యారేజీలో గోడకున్న పనిముట్లన్నీ, ఆయిల్ ఒత్తిడి చూసే గేజీతో సహా, ఆల్విన్‌కి. ఆ గేజీ మామూలుది కాదు. మేమిద్దరం షాపు పెట్టిన ఏడాది కొన్నది. దాని ముల్లు ఇప్పటికీ అబద్ధం చెప్పదు. నేను చెప్పాను, అది చెప్పలేదు. ఎప్పుడు, ఎవరికి అన్నది ఏడో అంశంలో ఉంది.

4. బండి

గ్యారేజీలో ఉన్న 1968 నాటి పాంటియాక్ జీటీఓ కారు, ఆకుపచ్చ రంగుది, నాది కాదు. కాగితాల్లో నా పేరుందంటే, వారసత్వంగా వచ్చింది కనుక. అది బెర్నడీన్‌ది. గాజు ఫ్యాక్టరీలో సీసాల లైను మీద నిలబడి సంపాదించుకున్న జీతంతో, ఇరవై రెండేళ్ళ వయసులో, పెళ్ళికి ముందు కొనుక్కుంది. అప్పట్లో ఆ బండి కొన్న ఆడపిల్ల మా పేటలో ఇంకొకతె లేదు.

నేను పనికి కుదిరిన గ్యారేజీకి క్లచ్ అరిగిందని తీసుకొచ్చింది. చూసి, తెలివితక్కువగా, "మీ ఆయన్ని కాస్త నెమ్మదిగా తోలమనండి" అన్నాను. "మా ఆయనా? ఇంకా పుట్టలేదయ్యా. తోలేది నేనే" అంది. ఆ మాట ఆమె మా పెళ్ళిలో అందరి ముందూ మళ్ళీ చెప్పి, "ఇదిగో, ఇప్పుడు పుట్టాడు" అని నన్ను చూపించింది.

నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సు ఆ బండికి. వెనక ఇరుసు గేరు బాగా పొట్టిది, అంటే చక్రం ఒక్క చుట్టుకి ఇంజను ఎక్కువ చుట్లు తిరగాలి. సిగ్నల్ దగ్గర వదిలితే ముందుకి దూకుతుంది. అదే హైవే మీద డెబ్బై మైళ్ళ వేగంలో పోతే ఇంజను నిమిషానికి మూడువేల నాలుగొందల చుట్లు తిరుగుతుంది, లోపల కూర్చున్నవాళ్ళకి ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆ రొదలోనే ఏటా వేసవిలో మిషిగన్ పైకొసకి, మాకినా వంతెన దాటి వెళ్ళేవాళ్ళం. అయిదు మైళ్ళ వంతెన. లోపలి వరుసలో నడిపితే చక్రాల కింద ఇనప జాలీ, జాలీ కింద నీళ్ళు కనిపిస్తాయి. నాకు భయం. మొదటిసారి వెళ్ళినప్పుడే నా చేతులు బిగుసుకుపోయాయి, వంతెన ముందు బండి ఆపి సీటు మారాం. అప్పటినుంచి ప్రతిసారీ ఆమే నడిపింది. నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆమె కావాలని జాలీ వరుసలోకే పోయి, "కింద ఓడ పోతోందయ్యా, ఎంత బాగుందో! నువ్వు తెరవకులే, నీకంత గుండె లేదు" అని అరుస్తూ నవ్వేది.

2009లో ఆమెకి నరాల జబ్బు బయటపడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. కొందరికి వచ్చి పోతూ ఉంటుంది. ఆమెకి వచ్చింది పోయే రకం కాదు. ముందు ఎడమ కాలు. 2014 వసంతంలో ఒకరోజు సిగ్నల్ దగ్గర క్లచ్ పూర్తిగా దిగలేదు, బండి ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు. మళ్ళీ స్టార్టు చేసి, మళ్ళీ ఆగిపోయి, చివరికి ఒక పోలీసాయన నెట్టి పక్కన పెట్టాడు. ఇంటికొచ్చి తాళాలు బల్లమీద పెట్టి అంది: "మూడు పెడళ్ళు నాకెక్కువైపోయాయి టెడ్. రెండు చాలు. ఆటోమేటిక్ వేసిపెట్టు. హైవే మీద ఇంజను తక్కువ తిరిగేలా పైన ఓవర్‌డ్రైవ్ గేరు కూడా ఉండాలి. ఆ రొద, ఆ వేడి ఇక నా ఒంటికి పడవు. వంతెన ఒక్కసారి నేనే దాటాలి."

ఆమె నన్ను అడిగినవాటిల్లో పెద్దది ఇదే. ఆ పని నా వృత్తి కూడా.

5. మూడేళ్ళు

టొలీడోలో పాత బండికి ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్ వేయించుకోవాలనుకున్న ప్రతివాడూ నాకు ఫోను చేసేవాడు. బండి ఏది, ఇంజను బలమెంత, వెనక ఇరుసు గేరెంత, ఎక్కడ తిప్పుతావు అని నాలుగు ప్రశ్నలు అడిగి, ఏ బాక్సు వేసుకోవాలో ఫోను పెట్టేలోపు చెప్పేవాణ్ణి. నా భార్య బండికి ఎంచుకోవడానికి మూడేళ్ళు పట్టింది.

ఎంచుకోవాల్సింది మూడింట్లోనే. మా షాపులో వాటిని అంకెలతో పిలిచేవాళ్ళం: రెండువందలది, ఏడువందలది, ఎనభైది.

ఏడువందలది ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దాని మొదటి గేరు మరీ పొట్టి, రెండోది చాలా దూరం. మొదటినుంచి రెండోదానికి మారినప్పుడు ఇంజను గోతిలో పడ్డట్టు అవుతుంది. ఈ బండి ఇరుసుకి తోడు ఆ గేరు పెడితే, కాలు అదుపులో లేని మనిషి చేతిలో అది ప్రమాదం. పైగా పాంటియాక్ ఇంజను వెనక బోల్టులకి అది నేరుగా కూర్చోదు, మధ్యలో పలక వేయాలి.

ఎనభైది మొండిది. లారీని లాగుతుంది. కానీ బరువెక్కువ, దాన్ని పట్టించాలంటే బండి నేలని సుత్తితో సాగగొట్టాలి, నడపడానికి కంప్యూటరు పెట్టాలి. తన బండి నేలమీద సుత్తి పడనివ్వనంది బెర్నడీన్.

రెండువందలది చిన్నది, తేలిక. గేర్ల మధ్య దూరాలు సమంగా ఉంటాయి. బోల్టులు నేరుగా సరిపోతాయి, వెనక చక్రాల్ని తిప్పే డ్రైవ్‌షాఫ్టు కోయక్కర్లేదు, అడుగున పట్టీ ఒక్కటి వెనక్కి జరిపితే చాలు. హైవే మీద ఇంజను చుట్లు రెండువేల మూడొందలకి దిగుతాయి. బలం తక్కువంటారు. లోపల మంచి సామాను వేసి కడితే ఈ ఇంజనుకి సరిపోతుంది. దానికి ఒకే ఒక్క పట్టింపు ఉంది, ఒక కేబులు. దాని సంగతీ ఏడో అంశంలోనే.

ఇంత తెలుసు నాకు. మొదటి రోజే తెలుసు. ఆల్విన్ అననే అన్నాడు: "ఒరేయ్ టెడ్, ఇదే బండి వేరేవాడు తెస్తే ఏమంటాం? రెండువందలదే అంటాం. మరి ఈ లెక్కలు దేనికిరా?" ఇంకా మంచి సామాను వస్తోందట, చూద్దాం అన్నాను. ఒక ఏడాది అయిదు గేర్లది వాకబు చేశాను. ఇంకో ఏడాది వెనక ఇరుసే మారిస్తే ఎలా ఉంటుందని కాగితాలు నింపాను. బెర్నడీన్ కర్ర పట్టుకుని గ్యారేజీ గుమ్మం దాకా వచ్చి, "ఏమయ్యా, నేను చూడమన్నది గేర్‌బాక్సే కదా, పెళ్ళికొడుకుని కాదు కదా! జాతకాలు కలవట్లేదా?" అనేది. నవ్వేవాణ్ణి.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఆటోమేటిక్ వేయాలంటే ముందు ఆ మూడో పెడల్ ఊడదీయాలి. అది ఊడదీస్తే, ఆ ఎడమ కాలు ఇక తిరిగిరాదని నేను సంతకం పెట్టినట్టే అనిపించింది. ఆమె సంతకం పెట్టేసింది. నేను పెట్టలేకపోయాను. నేను ఆగితే జబ్బు కూడా ఆగుతుందన్నట్టు ఆగాను. అది ఆగలేదు. మూడో ఏడు కుడి కాలు మొదలైంది.

6. యూజీన్

నా బావమరిది యూజీన్ మాలెకీ, అంటే బెర్నడీన్ తమ్ముడు, 2017 ఈస్టర్ భోజనంలో అందరి ముందూ, పంది తొడ కోస్తూ, "బావా, నువ్వు గేర్‌బాక్సు ఎంచుకునేలోపు మా అక్క చక్రాల కుర్చీకి గేర్లు పెట్టించుకోవాలి" అన్నాడు. బెర్నడీన్ పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. "లే. బయటికి నడు" అన్నాను. "నిజం చెబితే బయటికా?" అన్నాడు. వాడి కోటు తీసి గుమ్మం బయట పడేశాను. ఆ తర్వాత వాడు నా ఇంటికి రాలేదు. అక్క శవపేటిక దగ్గర మాత్రం నాకు అటువైపు నిలబడ్డాడు.

వాడన్నది నిజం. ఆ మాట పడ్డాక పదో రోజుకి రెండువందలది బల్లమీదికి తెచ్చాను. వేసవి మధ్యకల్లా కట్టి, బండికి బిగించేశాం.

బండి నుంచి ఊడదీసిన అసలు నాలుగు గేర్ల బాక్సు, క్లచ్ పెడల్‌తో సహా, గ్యారేజీ మూల చెక్కపెట్టెలో నూనెగుడ్డ చుట్టి ఉంది. అది యూజీన్‌కి ఇస్తున్నాను. బెర్నడీన్ చెయ్యి పడి గేరు కర్ర మీది గుండు ఒకవైపు అరిగింది, వాడు గుర్తుపడతాడు. "చిన్నది వేశాడు, తగలబడింది, నేను ముందే చెప్పాను" అని వాడు ఆరేళ్ళుగా ఊళ్ళో అంటున్నాడని విన్నాను. యూజీన్, చిన్నదాని తప్పేమీ లేదు. కింది అంశం నువ్వు కూడా చదవాలి.

7. కేబులు

ఇది డెనీస్‌కీ, యూజీన్‌కీ, ఆల్విన్‌కీ తెలియాలని రాస్తున్నాను. ఆల్విన్‌కి తెలిసే ఉంటుంది.

రెండువందలదానికి కార్బురేటరు దగ్గర్నుంచి గేర్‌బాక్సులోకి ఒక సన్నని కేబులు ఉంటుంది. మనం ఆక్సిలరేటరు ఎంత తొక్కామో ఆ కేబులే బాక్సుకి చెబుతుంది. దాన్నిబట్టే లోపల ఆయిల్ ఒత్తిడి పెరిగి, క్లచ్ పలకల్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. కేబులు వదులైతే ఒత్తిడి చాలదు, పలకలు జారుతాయి, జారితే కాలతాయి. బయటికి ఏమీ తెలియదు, బండి మెత్తగా పోతున్నట్టే ఉంటుంది, అయిపోయేదాకా. మా షాపు గోడమీద ఎర్రరంగుతో రాయించాను: కేబులు చూడకుండా తాళాలు ఇవ్వొద్దు. ఊరందరికీ, కొన్ని వందలమందికి, ఇది నేను చెప్పాను.

గేజీ పెట్టి, ఆ కేబులు సరిగ్గా బిగించాను. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే పండగకి ముందు ఆదివారం పూజ అయ్యాక, చర్చి వెనక కార్లు నిలిపే ఖాళీ స్థలంలో బెర్నడీన్ ఎనిమిది చుట్లు నడిపింది. మూడేళ్ళ తర్వాత. నేను పక్క సీట్లో కూర్చున్నాను. మొదటి చుట్టులో కాలు పెడల్ మీద పెట్టి కిందికి చూసుకుంది, ఉందో లేదో అని. మూడో చుట్టుకి చూడటం మానేసింది. ఫాదర్ బయటికొచ్చి చెయ్యి ఊపితే హారన్ కొట్టింది. దిగాక మాత్రం, "కాలు బరువో, పెడల్ బరువో తెలీట్లేదు టెడ్. చివరికొచ్చేసరికి దిగట్లేదు" అంది. పండగ దాటాక మంగళవారం బయల్దేరదాం అనుకున్నాం. హైవే నేను నడపాలి, వంతెన దగ్గర సీటు మారాలి.

బరువు కేబులుదే. అందులో స్ప్రింగు పెడల్‌ని వెనక్కి లాగుతుంది. మామూలు కాలికి తెలియదు. ఆమె కాలికి తెలిసింది.

ముందు ఓ వంద మైళ్ళు నేను తిప్పి చూస్తానన్నాను. "ఈ నెల ఉన్న కాలు వచ్చే నెల ఉండదు. చూసినంత చాలు" అంది. మంగళవారం పొద్దున ఆమె బట్టలు వేసుకుంటుండగా గ్యారేజీలోకి వెళ్ళి ఆ కేబులు చివరి బిగింపుని రెండు పళ్ళు వెనక్కి జరిపి వదులు చేశాను. రెండే. గేజీ పెట్టలేదు. పెడితే ముల్లు ఏం చెబుతుందో నాకు తెలుసు. రెండు పళ్ళకి ఏమవుతుందిలే, వంతెన దాటి వచ్చాక మళ్ళీ బిగిద్దాం అనుకున్నాను. ఆమె వచ్చి కూర్చుని పెడల్ తొక్కి చూసింది. "హమ్మయ్య, ఇప్పుడు బాగుంది. ఏం చేశావు?"

"నూనె వేశాను" అన్నాను.

హైవే ఎక్కి నాలుగో గేరు, అంటే ఆ ఓవర్‌డ్రైవ్, పడగానే ఇంజను రొద తగ్గిపోయింది. బెర్నడీన్ చుట్టూ చూసింది. "ఇది మన బండేనా? ఇందులో మాట్లాడుకోవచ్చే!" అంది. నలభై ఏళ్ళు ఆ బండిలో అరుచుకున్నాం తప్ప మాట్లాడుకోలేదు. టొలీడో నుంచి ఫ్లింట్ దాటేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఫ్యాక్టరీలో సీసా పేలి పక్కమ్మాయి చెయ్యి తెగిన రోజు గురించి. డెనీస్ పుట్టకముందు పోయిన బిడ్డ గురించి, ఆ బిడ్డకి తాను మనసులో పెట్టుకున్న పేరు గురించి. అప్పటికి పెళ్ళై నలభై మూడేళ్ళు, ఆ పేరు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అదేమిటో ఇక్కడ రాయను. అది ఆమెది. నా జీవితంలో ఉన్న మంచి రెండు గంటలు అవి. అవి ఇచ్చింది ఆ బాక్సే. వాటికింద పలకలు కాలుతూ ఉన్నాయి.

బే సిటీ దాటాక ఇంజను ఉన్నట్టుండి గొంతెత్తింది. వేగం పెరగలేదు. కాలిన వాసన వచ్చింది. పక్కకి తీశాను. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే నల్లగా ఉంది. వంతెన ఇంకా నూట డెబ్బై మైళ్ళు.

తిరిగి కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆమె తన కాలుని చేత్తో పట్టుకుని ఉంది. "నేనే కదా టెడ్? చర్చి దగ్గర నా కాలు పెడల్ మీద పడిపోయి ఉంటుంది. బ్రేకు మీదా ఉండి ఉంటుంది, రెంటిమీదా ఒకేసారి. నాకు తెలీలేదు. నేనే తగలబెట్టాను."

కాదు అనడానికి నోరు తెరిచాను. లారీ ఒకటి పక్కనుంచి పోయింది. అది పోయాక నోరు మూసుకున్నాను.

ఆ క్షణం సిగ్గుతో చెప్పలేదు. ఊరందరికీ పాఠం చెప్పినవాణ్ణి. బండిని లాక్కెళ్ళే ట్రక్కు వచ్చింది, డెనీస్ తన కారులో వచ్చింది. "అమ్మని ఇలా రోడ్డు పక్కన కూర్చోబెడతావా నాన్నా?" అని నామీద అరిచింది. "మీ నాన్ననేం అనకే, పాడుచేసింది నేను" అంది బెర్నడీన్. అప్పుడూ చెప్పలేదు. తర్వాత చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటుందని చెప్పలేదు. నీ కాలు బలహీనమని వదులు చేశానని చెబితే ఆ కాలు గురించి బాధపడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తగలబెట్టింది తన కాలేనని ఆమె అప్పటికే నమ్మి ఉంటే, నేను తప్పిస్తున్న బాధ ఏది?

ఆల్విన్ బాక్సు విప్పి పలకలు చూశాడు, కేబులు చూశాడు, నా మొహం చూశాడు. బెర్నడీన్ కుర్చీలో అక్కడే ఉంది. "నేనే ఆల్విన్, నా కాలే" అంది. వాడు గుడ్డతో చేతులు తుడుచుకుని, "సామాను అన్నాక పోతుందమ్మా" అన్నాడు. నాకోసం వాడు ఆడిన ఒకే ఒక్క అబద్ధం. ఆ తర్వాత వాడు నాతో పని గురించి తప్ప మాట్లాడలేదు. వాడిది రైటు.

అక్టోబరుకల్లా బాక్సు మళ్ళీ కొత్తగా కట్టాను, బండికి బిగిస్తానన్నాను. మంచు పడకముందు వెళ్ళొద్దాం అన్నాను. ఆమె వద్దంది. "మళ్ళీ నేను కూర్చుంటే మళ్ళీ పాడవుతుంది. నీ కష్టమంతా బూడిద చేశాను. నాకిక స్టీరింగు వద్దు టెడ్." రెండు మాటలు చాలేవి. నువ్వు కాదు, నేను. అయిదు నెలలు రోజూ ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఆకలి లేదంటే బతిమాలి తినిపించాను, కాళ్ళు పట్టాను, అన్నీ చేశాను. ఆ రెండు మాటలు అనలేదు. 2018 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో మూడో రోజు స్పృహ ఉన్నప్పుడు, "బండి అమ్మకు, ఎవరైనా బాగా నడిపేవాళ్ళకివ్వు" అంది. సరే అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. నర్సు గదిలో ఉంది, వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. నర్సు వెళ్ళేలోపు ఆమె నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

ఆ బాక్సు ఈనాటికీ బల్లమీదే ఉంది. దాన్ని బిగించలేదు. బండి కదలదు.

8. బండిని ఏం చేయాలి

పాంటియాక్, బల్లమీది రెండువందలది, రెండూ ఒకచోటే ఉండేలా డెనీస్‌కి దఖలు పరుస్తున్నాను. డెనీస్, బాగా నడిపేవాళ్ళకివ్వమని మీ అమ్మ అంది. నాకు అలాంటివాళ్ళెవరూ దొరకలేదు. నిజానికి నేను వెతకలేదు. ఎవరైనా చూడటానికొస్తే బండి ఎందుకు ఆగిందని అడుగుతారు. ఉంచుకుంటావో, అమ్ముతావో, తుక్కుకి ఇస్తావో నీ ఇష్టం. నువ్వు చూడలేకపోతే చూడకు, తప్పు లేదు. ఎవరు కొన్నా, ఆ బాక్సు బిగించే మనిషికి గేజీ పెట్టి కేబులు చూడమని చెప్పాలి. దాంట్లో లోపమేదీ లేదు.

నా జబ్బుకి డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి మందు, ఒకటి కోత. ఏదైనా ఏడాదికి మించి హామీ లేదు, వారం ఆలోచించుకుని చెప్పమన్నాడు. అక్కడే చెప్పేశాను, రెండూ వద్దని. ఇది ధైర్యం అని డెనీస్ అనుకోకూడదు. ఎవరికోసమూ ఎంచుకోవాల్సిన పని లేనప్పుడు ఎంచుకోవడం తేలికే.

9. ఖననం

నన్ను బెర్నడీన్ పక్కన, ముందే కొని ఉంచిన స్థలంలో పాతిపెట్టాలి. రాయి మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు తప్ప ఇంకేమీ చెక్కకూడదు. నా వృత్తి చెక్కకూడదు.

నా పెట్టెను మట్టిలోకి దించడానికి ముందు, పై ఏడో అంశాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఆమె రాయి వైపు తిరిగి, పెద్దగా చదవాలి. చదవాల్సింది ఆల్విన్. వాడు చదవనంటే డెనీస్. డెనీస్ కూడా చదవలేకపోతే ఫాదర్‌ని అడగాలి. యూజీన్ అక్కడ ఉండాలని కోరుతున్నాను.

ఆమె వినదని నాకు తెలుసు. వినే రోజుల్లో నేను చెప్పలేదు. చదవడం వల్ల ఏదీ బాగుపడదు. అయినా చదవాలి. చదివాక ఎవరూ ఏమీ అనకూడదు. ముఖ్యంగా, ఆమె ఉంటే క్షమించేదని ఎవరూ అనకూడదు. ఆ మాట అనే హక్కు ఆమెకి ఒక్కదానికే ఉండేది. నేను ఆమెకి ఆ అవకాశం ఇవ్వలేదు.

ఇందులో రాసినదంతా నేను చదువుకుని, సరిగా ఉందని, కొట్టివేతలూ దిద్దుబాట్లూ నావేనని ఒప్పుకుంటూ, కింద పేరున్న ఇద్దరి ఎదుట చేవ్రాలు చేశాను.

2023 అక్టోబరు 19, గురువారం, టొలీడో.

(సంతకం) థాడియస్ జె. కుచిన్స్కీ

మేమిద్దరం చూస్తుండగానే ఆయన సంతకం చేశారు. ఆయన చెయ్యి ఎవరూ పట్టుకుని రాయించలేదు. ఈ వీలునామాలో మాకు చెందేది ఏదీ లేదు.

సాక్షులు:
1. మార్లిస్ డోంబ్రౌస్కీ, పక్కింటివారు
2. క్లిఫర్డ్ ఎబర్లీ, ఎదురింటివారు